మూడో సీసా

4, సోమవారం

పడవ తిరగబడింది. ఒడ్డుకు చేరాను. సీసాలు మూడూ పోయాయి, తెడ్డు దొరికింది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ల్యాబ్‌లోనూ ఇంట్లోనూ రేవు మెట్ల మీద జారానని చెప్పాను. మా ఆవిడ నా చొక్కా పిండుతూ, "మెట్ల మీద జారితే జేబులోకి నాచు ఎలా వచ్చింది?" అంది. నాచుకేం, ఎక్కడికైనా వస్తుందన్నాను. పడవ నడిపినవాడి కూతురు, ఆమె ముందు నీళ్ళ గురించి అబద్ధం చెప్పడం కష్టం. అయినా చెప్పాను.

5, మంగళవారం

గాలి. బాగా గాలి.

పదహారేళ్ళుగా ఇదే పని. తొమ్మిదింటికి ల్యాబ్ తెరుస్తారు, మూడు ఖాళీ సీసాలు ఇస్తారు. రేవు పక్కన ఊరికి నీళ్ళు లాగే బురుజు ఉంది, అక్కడ ఒకటి నింపాలి. కుడిగట్టు పక్కన పసుపు డ్రమ్ము తేలుతూ ఉంటుంది, అక్కడ రెండోది. అటు చివర, వాగు వచ్చి రిజర్వాయర్‌లో కలిసేచోట ఎర్ర డ్రమ్ము, అక్కడ మూడోది. పన్నెండులోగా తెచ్చి ల్యాబ్‌లో ఇచ్చేయాలి. గాలి లేచేది సరిగ్గా తొమ్మిదిన్నరకి. ల్యాబ్ ఒక గంట ముందు తెరిస్తే ఈ గొడవే ఉండదు. ఆ మాట పదహారేళ్ళలో నేను ఎవరితోనూ అనలేదు.

ఇవాళ పసుపు డ్రమ్ము దాకా వెళ్ళాను. గట్టు చాటున అక్కడిదాకా గాలి తెలియదు. గట్టు దాటి తెడ్డు వేయగానే పడవ ముక్కు పక్కకి తిరిగింది. వెనక్కి వచ్చేశాను. పసుపు డ్రమ్ము దగ్గరే రెండు సీసాలు నింపి ఒకదానికి మూడు అని చీటీ అంటించాను.

ఒక్కరోజుకి కొంపలేమీ మునిగిపోవు.

6, బుధవారం

గాలి. నిన్నటిలాగే చేశాను. ఇంజినీరు గారు సెలవు నుంచి వచ్చారు.

7, గురువారం

గాలి అంతంత మాత్రమే. వెళ్ళేవాణ్ణే, భుజం నొప్పిగా ఉంది. రేపు చూద్దాం.

రిజిస్టర్‌లో "గాలి, నమూనా లేదు" అని రాసుకోవచ్చు. దానికి కారణం అని ఒక గడి కూడా ఉంది. కిందటేడు ఇదే నెలలో నాలుగుసార్లు అలా రాశాను. ఇంజినీరు గారు అందరి ముందూ రిజిస్టర్ తెరిచి, "గాలి వీచినప్పుడల్లా సెలవైతే నీకు ఉద్యోగమెందుకయ్యా, గాలిపటం ఎగరేసుకో" అన్నారు. టైపిస్టు కూడా నవ్వింది. పడవలో ఇద్దరుండాలని రూలు. రెండో మనిషి రిటైరై ఏడాదిన్నర అయింది, ఆ ఖాళీ నింపమని ఆయన పైకి ఒక్క కాగితమూ రాయలేదు. ఆ సంగతి రిజిస్టర్‌లో ఏ గడిలోనూ పట్టదు.

8, శుక్రవారం

గాలి. పసుపు డ్రమ్ము దాకా.

9, శనివారం

గాలి పెద్దగా లేదు. అయినా పొద్దున్న మబ్బుగా ఉండింది, ఎటు తిరిగి ఎటు వస్తుందోనని వెళ్ళలేదు.

ల్యాబ్ మేడమ్ సీసాలు వెలుతురుకి పట్టి చూసి, "ఏంటన్నయ్యా, ఈ వారం రెండూ మూడూ కవలపిల్లల్లా ఉన్నాయి?" అంది. నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ అమ్మాయికి నా మీద నమ్మకం. చేరిన కొత్తలో సీసా మూత ఎలా తీయాలో, వేళ్ళు లోపల తగలకుండా ఎలా ముంచాలో నేనే చూపించాను.

సాయంత్రం స్టవ్ మీద పెద్ద గిన్నెతో తాగేనీళ్ళు పెట్టాను. ఆవిడ వచ్చి చూసి, "ఎందుకిప్పుడు?" అంది.

"గాలికి దుమ్ము ఎక్కువగా ఉంది."

"కుళాయిలోకి దుమ్ము వస్తుందా?"

"కాచి తాగితే తప్పేముంది?"

ఆవిడ గిన్నె మీద మూత పెట్టి వెళ్ళిపోయింది.

10, ఆదివారం

పని లేదు. పగలంతా పడుకున్నాను. పడుకుని లేచినా అలసట తీరలేదు.

11, సోమవారం

గాలి. పసుపు డ్రమ్ము దాకా కూడా వెళ్ళలేదు. మూడు సీసాలూ రేవు దగ్గరే నింపాను. పడవ తాడు విప్పలేదు. మెట్ల మీద కూర్చుని గంటన్నర గడిపి, ప్యాంటు కాళ్ళు కాస్త తడుపుకుని ల్యాబ్‌కి వెళ్ళాను.

ప్యాంటు తడుపుకోవడం రాయకుండా ఉండాల్సింది.

12, మంగళవారం

ఇవాళ గాలి లేదు. ఆకు కదల్లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

తాడు విప్పాను. పడవలో కూర్చున్నాను. తెడ్డు నీళ్ళలో పెట్టాను. పది తెడ్లు వేశానేమో. బురుజు నీడ దాటగానే చేతులు వణకడం మొదలుపెట్టాయి. చలి అనుకున్నాను. చెమటలు పట్టాయి. వెనక్కి తిప్పుకుని వచ్చి తాడు కట్టి, మళ్ళీ మూడూ రేవు దగ్గరే నింపాను.

సరే, నాలుగో తేదీ సంగతి రాస్తాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు.

గాలికి ఎదురు వెళ్ళేటప్పుడు కుడిగట్టు పట్టుకుని వెళ్ళాలి. అరగంట ఎక్కువ పడుతుంది కానీ గట్టు చాటు దొరుకుతుంది. ఇది మా మామగారు మొదటిరోజే చెప్పిన పాఠం. పడవ ముక్కులో నిండు నీళ్ళ క్యాను పెట్టాలి, లేకపోతే ఒంటరి మనిషి బరువంతా వెనకే ఉండి ముక్కు లేచిపోతుంది, లేచిన ముక్కుని గాలి ఎటు కావాలంటే అటు తిప్పుతుంది. తెడ్డు పొట్టిగా, త్వరగా వేయాలి. అలిసినా ఆపకూడదు. ఆపితే వచ్చిన దూరమంతా గాలి వెనక్కి లాక్కుంటుంది. ఇవన్నీ నాకు వచ్చు. నలుగురికి నేర్పేటంత వచ్చు.

ఆరోజు క్యాను మోయడానికి బద్ధకించాను. ఈమధ్య రోజూ బద్ధకిస్తూనే ఉన్నాను. కుడిగట్టుకి బదులు నడిమధ్య నుంచి తిన్నగా వెళ్ళాను, తొందరగా తెమిలిపోతుందని. సగం దాటాక టోపీ ఎగిరింది. టోపీ కోసం చెయ్యి చాచాను. అంతే. పాత టోపీ, ముందువైపు చిరిగింది కూడా. తెడ్డు ఆగింది, ముక్కు తిరిగింది, పడవ గాలికి అడ్డంగా నిలబడింది. ఒక అల నింపింది, రెండోది తిప్పేసింది.

బోర్లాపడ్డ పడవని పట్టుకుని గంట పైన ఉన్నాను. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మునగలేదు. కేకలు పెట్టాను. గాలిలో నా కేక నాకే వినపడలేదు. ముందు ఇంజినీరు గారిని తిట్టాను, తర్వాత అమ్మని పిలిచాను. అమ్మ పోయి ఇరవై ఏళ్ళు. నా వయసు నలభై తొమ్మిది. ఎడమగట్టు రాళ్ళ దగ్గరకి గాలే తోసింది. చంపబోయిందీ అదే, ఒడ్డుకు చేర్చిందీ అదే. రాళ్ళ మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను.

ఇదీ సంగతి. రాశాను కదా, ఇక రేపు వెళ్ళగలను.

13, బుధవారం

చిరుగాలి. వెళ్ళలేదు.

14, గురువారం

గాలి.

పక్కింటి టైలర్ గారి పాపకి వాంతులు, విరేచనాలు. నిన్నటి నుంచి. బయటి తిండి ఏదో తిని ఉంటుంది. స్కూలు దగ్గర ఈగలు ముసిరే బండ్లు ఎన్ని ఉన్నాయో. అందులోనూ ఆ పిల్ల కనపడిందల్లా నోట్లో పెట్టుకునే రకం, పోయినేడు మా గుండీల డబ్బాలో గుండీ మింగింది. పాప తాతకీ కడుపులో బాగాలేదట. ముసలాయన, ఆయనకి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

15, శుక్రవారం

గాలి లేదు.

పాపని ఆస్పత్రిలో చేర్చారు. సెలైన్ పెట్టారట.

మూడో సీసా అసలు ఎందుకో నాకు తెలియక కాదు. వాగులో ఏదైనా చెడు కలిస్తే ముందు తెలిసేది ఎర్ర డ్రమ్ము దగ్గర. అది బురుజు దాకా రావడానికి పది రోజులో పన్నెండు రోజులో పడుతుంది, ఆలోగా పంపుహౌస్ వాళ్ళు నీళ్ళలో కలిపే మందు పెంచుకోవడమో లాగడం ఆపడమో చేస్తారు. కానీ పదహారేళ్ళలో మూడో సీసాలో ఏమీ రాలేదు. ఒక్కసారీ రాలేదు. సరిగ్గా ఈ పది రోజుల్లోనే వస్తుందా?

గాలి అటు నుంచి ఇటే వీస్తోంది. గాలి ఉంటే పది రోజులు పట్టదు.

16, శనివారం

ఈదురుగాలి. రేవులో కట్టిన పడవే రాయికి కొట్టుకుని కొట్టుకుని అంచు చిట్లింది.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ వంటింట్లో నీళ్ళ గిన్నె ముందు నిలబడి ఉంది. ఆస్పత్రికి వెళ్ళి పాపని చూసి వచ్చిందట. నా వైపు తిరగకుండానే అడిగింది.

"వారం నుంచి మన ఇంట్లో నీళ్ళు కాచుకుంటున్నాం. ఎందుకో నాకు చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. ఇవాళ ఆ పిల్ల చేతికి సూది చూశాను. ఇప్పుడు అడుగుతున్నాను. పక్కింటివాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

దుమ్ము అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే సిగ్గేసింది.

"పడవ ఎప్పుడు తిరగబడింది? ఆ నాచు రోజేనా?"

కూర్చుండిపోయాను. చెప్పాను. టోపీ సంగతి కూడా చెప్పాను. సీసాల సంగతి చెప్పాను. ప్యాంటు తడుపుకోవడం చెప్పాను. అమ్మని పిలిచిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "టోపీ కోసమా?" అంది, అంతే. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి తలుపూ కొట్టి నీళ్ళు కాచుకోమని చెప్పి వచ్చింది. "ఎవరు చెప్పారు?" అని అడిగినవాళ్ళకి "మా ఆయన నీళ్ళ ఆఫీసు" అని చెప్పిందట. నా పరువు తీయలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

17, ఆదివారం

ఆఫీసు మూత. ఇంజినీరు గారికి ఐదుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ల్యాబ్ మేడమ్ ఎత్తింది. అసలు సంగతి దాటేశాను. రేపు సీసాలు ఒక పావుగంట ముందు ఇస్తావా అమ్మా అన్నాను. "దానికేముంది అన్నయ్యా, ఎనిమిదిన్నరకే వస్తాను" అంది. ఇంత సులువు.

రేపు వెళ్తానని ఆవిడకి చెప్పాను.

"ఒక్కరూ వెళ్ళరు. నేను వస్తాను."

"నువ్వెందుకు? రూలు ఒప్పుకోదు."

"రూలు ఇద్దరని కదా మీరే అన్నారు."

"నువ్వు తెడ్డు పట్టి ముప్పై ఏళ్ళయింది."

"మీరు సరిగ్గా పట్టి వారం దాటింది" అంది.

18, సోమవారం

రాయడానికి వేళ్ళు మడత పడటం లేదు. అయినా రాస్తాను.

చిట్లిన అంచుకి రేకు ముక్క కొట్టాను. పడవ మా ఇద్దరికీ సరిపోయింది. ఆవిడ ముందు కూర్చుంది, నేను వెనక. ముక్కులో క్యాను అక్కర్లేకపోయింది. ఆ మాట పైకి అన్నాను. "దిగి ఇంటికి పోనా?" అంది. పది రోజుల్లో నేను నిజంగా నవ్వింది అక్కడే.

కుడిగట్టు పట్టుకుని వెళ్ళాం. గట్టు చాటున బాగానే ఉంది. పసుపు డ్రమ్ము దగ్గర రెండో సీసా నింపాను. గట్టు మలుపు తిరిగేసరికి గాలి ఎదురొచ్చింది. అక్కడి నుంచి ఎర్ర డ్రమ్ము దాకా ఏ చాటూ లేదు, మొత్తం బయలు. అలల మీద తెల్లటి నురగ. నా చేతులు మళ్ళీ మొదలుపెట్టాయి. తెడ్డు అంచు పడవకి టకటకా కొట్టుకుంటోంది. ఆవిడకి వినపడుతుందని తెలుసు. వెనక్కి తిరగలేదు.

"నేను లెక్కపెడతాను. మీరు వేయండి" అంది.

ఒకటి, రెండు అని వాళ్ళ నాన్న గొంతుతోనే లెక్కపెట్టింది. ఇరవై కాగానే మళ్ళీ ఒకటి. తలలు వంచుకుని, తెడ్డు పైకి ఎత్తకుండా నీళ్ళకి దగ్గరగా, పొట్టిగా వేశాం. ముక్కు కొంచెం ఎడమకి జరిగితే ఆవిడ కుడివైపు ఆపి నాకు వదిలేస్తుంది, నేను వెనక నుంచి సరిచేస్తాను. ఒకచోట పావుగంట సేపు వేసినా గట్టు మీద తుప్ప ఒకటే కనపడుతూ ఉంది, ముందుకి పోలేదు, వెనక్కీ రాలేదు. ఆపేద్దాం అనబోయాను. ఆమె లెక్క ఆపలేదు. లెక్క ఆపకపోతే నేను ఆపలేను. భుజాలు మండిపోయాయి. భయం పోలేదు. పోతుందేమో అని చూస్తూ ఉన్నాను, పోలేదు. దానితోనే తెడ్డు వేశాను.

డ్రమ్ముకి ఇంకా వందగజాలు ఉండగానే వాసన తగిలింది.

డ్రమ్ము చుట్టూ నీళ్ళు గోధుమరంగులో ఉన్నాయి. మీద తెట్టు, తెట్టులో గడ్డి పరకలు, ఈగలు. పశువుల కొట్టం వెనక గుంటలో ఉండే వాసన. వాగు పైన ఎవరిదో కొట్టం, దాని మురుగుగుంట కట్ట తెగినట్టుంది. నిన్నో మొన్నో తెగింది కాదు. తెట్టు పాకి పాకి మేం వచ్చిన దారిలో చాలాదూరం దాకా చారలు కట్టి ఉంది. వచ్చేటప్పుడు తలవంచుకుని వేయడంలో చూడలేదు.

ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను సీసా ముంచాను. చెయ్యి వణకలేదు, ఎందుకో మరి. మూత బిగించి మూడు అని చీటీ అంటించాను.

"టైలర్ గారి పాప ఈ నీళ్ళే తాగింది" అన్నాను.

"తెడ్డు వేయండి. ముందు ఇది ల్యాబ్‌కి చేరాలి" అంది.

తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి. సులువని అందరూ అనుకుంటారు, కాదు. వెనక అల వచ్చి ఎత్తినప్పుడు పడవ జారి అడ్డం తిరుగుతుంది. ఆవిడని మధ్యకి జరగమన్నాను, బరువు వెనక్కి వచ్చేలా. తెడ్డు వెనక నిలువుగా దించి పట్టుకుని పడవని తిన్నగా ఉంచాను. రేవు మెట్లు తగిలాక ఇద్దరం లేవలేకపోయాం. బురుజు దగ్గర మిగిలిన సీసా నింపి, ఆమెని అక్కడే కూర్చోబెట్టి పరిగెత్తాను.

ల్యాబ్ మేడమ్ మూడో సీసా వెలుతురుకి పెట్టింది. మూత తీసి, వెంటనే పెట్టేసింది. నా మొహం చూసింది.

"శనివారం సీసా తేటగా ఉంది కదా అన్నయ్యా."

"అది అక్కడిది కాదమ్మా."

"శుక్రవారానిది?"

"కాదు."

"ఎప్పటి నుంచి?"

"మూడోది పదకొండు రోజులు. రెండోది ఆరు. మొత్తం రేవు దగ్గరవే, లేకపోతే పసుపు డ్రమ్ము దగ్గరవి."

ఆమె కుర్చీలో కూర్చుంది. ఆ పదకొండు రోజుల కాగితాల మీద సంతకాలు ఆమెవి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఫోన్ తీసి పంపుహౌస్‌కి చేసి నీళ్ళు లాగడం ఆపమంది. తర్వాత ఇంజినీరు గారికి చేసింది. ఆమెకి మొదటి రింగుకే ఎత్తారు.

19, మంగళవారం

ఊరంతా మైకులో చెప్పారు, నీళ్ళు కాచుకోమని. వాగు పైన ఆ కట్టకి మట్టి పోయిస్తున్నారట. ట్యాంకర్లు వచ్చాయి. పక్క ఊరి నుంచి మోటారు పడవ రప్పించారు, ఇద్దరు మనుషులతో. ఒక్క ఫోన్‌తో వచ్చింది.

ఆస్పత్రిలో మొత్తం పద్నాలుగు మంది ఉన్నారు. అందరూ బాగానే ఉన్నారంటున్నారు.

20, బుధవారం

పాప ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. టైలర్ గారు నన్ను పిలిచి కూర్చోబెట్టి, "మీ ఆవిడ శనివారమే చెప్పబట్టి మిగతా పిల్లలకి రాలేదు, మీ మేలు మరిచిపోము" అన్నారు. చెప్పాలనుకున్నాను. పాప నా చేతిలో బిస్కట్ పెట్టింది. చెప్పలేకపోయాను. రేపు చెప్పాలి. ఇది గాలి మీద తోసేయడానికి లేదు.

21, గురువారం

పొద్దున్నే వెళ్ళి టైలర్ గారికి చెప్పాను. వింటున్నంతసేపూ కత్తెర పట్టుకునే ఉన్నారు. "సరే, వెళ్ళండి" అన్నారు. ఆ "వెళ్ళండి" ఎన్నాళ్ళు ఉంటుందో.

పదకొండింటికి ఇంజినీరు గారు పిలిచారు. పైనుంచి అడిగారట, రాతపూర్వకంగా కావాలట. తలుపు వేసి, నాకు కుర్చీ చూపించారు. పదహారేళ్ళలో ఆ గదిలో కూర్చోవడం మొదటిసారి.

"చూడవయ్యా, గాలి అని రాయి. పదకొండు రోజులూ విపరీతమైన గాలి, ప్రాణాపాయం, అందుకే వెళ్ళలేదు. గాలి మీద ఎవరూ చర్య తీసుకోరు. నీకూ మంచిది, నాకూ మంచిది. రెండో మనిషిని కూడా వేయిస్తాను."

కాగితం తీసుకున్నాను. పెన్ను పట్టుకుని తేదీలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఇంట్లో ఈ పుస్తకం ముందే చూసుకుని వెళ్ళాను. రెండో మనిషి లేడని రాశాను, ఏడాదిన్నర నుంచి అని రాశాను. ఆయన మొహం మాడింది. ల్యాబ్ మేడమ్‌కి ఏమీ తెలియదని, ఆమె నన్ను నమ్మి సంతకం పెట్టిందని రాశాను. తర్వాత కారణం అని రాసి, దాని కింద ఇలా రాశాను: ఆరు రోజులు గాలి ఉంది. ఐదు రోజులు లేదు. పదకొండు రోజులూ నాకు భయం వేసింది.

ఆయన రెండుసార్లు చదివారు.

"కారణం దగ్గర భయం అని ఎవరైనా రాస్తారా? నా సర్వీసులో చూడలేదు."

"నా సర్వీసులో నేనూ రాయలేదు సార్. రాసి ఉంటే నాలుగో తేదీనే రాసేవాణ్ణి, మోటారు పడవ ఆ వారంలోనే వచ్చేది."

ఆయన పెన్ను మూత తీసి, కింద "అందినది" అని రాసి, తేదీ వేశారు.